మా పీఎఫ్, ఈఎస్‌ఐ పనులు చూసే కన్సల్టెన్సీ పనితీరు

బాలానగర్‌లో మెషీన్ విడిభాగాలు తయారుచేసే మా యూనిట్‌లో పనివారి సంఖ్య ఇరవైకి చేరి పీఎఫ్ పరిధిలోకి వచ్చినప్పటి నుంచి, నెలకు 3,000 రూపాయల ఫీజుతో ఒక లేబర్ లా కన్సల్టెన్సీ సేవలు తీసుకుంటున్నాను.

నెలవారీ రిటర్నుల విషయంలో వీరికి వంక పెట్టలేము. జీతాల పట్టిక అందిన మూడో రోజుకే చలాన్ సిద్ధం చేసి, 15వ తేదీ గడువుకు ముందే కట్టమని రెండుసార్లు ఫోన్ చేస్తారు. కార్మికుల జీతంలో కోసిన వాటాను గడువు దాటాక జమచేస్తే, ఆ మొత్తం ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చెల్లదని 2022లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది కనుక, ఆ ఫోన్ల విలువ నాకు తెలుసు. ఆధార్‌లో ఒక పేరు, యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుడికిచ్చే శాశ్వత నంబరు) మరొక పేరు ఉండి పీఎఫ్ డబ్బు ఆగిపోయిన ఇద్దరి వివరాలను విసుక్కోకుండా సరిచేయించారు కూడా.

చిక్కంతా సలహా దగ్గరే. 2025 మార్చిలో మా టర్నర్ ఒకరు ఎనిమిదేళ్ల ఏడు నెలల సర్వీసు తరువాత పని మానుకున్నారు. ఆయన చివరి నెల మూలవేతనం, డీఏ కలిపి 15,600 రూపాయలు. గ్రాట్యుటీ, అంటే సర్వీసు ఏళ్లను బట్టి పని మానేటప్పుడు ఇవ్వాల్సిన మొత్తం, 62,400 అని కన్సల్టెన్సీ కాగితం పంపింది. నెలకు 30 రోజుల చొప్పున లెక్కవేసి, పైన ఉన్న ఏడు నెలలను వదిలేశారు. చట్టప్రకారం నెల వేతనాన్ని 26తో భాగించి, ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున కట్టాలి, ఆరు నెలలు మించిన భాగాన్ని నిండు ఏడాదిగా తీసుకోవాలి. అలా ఏడాదికి 9,000 చొప్పున తొమ్మిదేళ్లకు 81,000 అవుతుంది. ఈ తప్పును పట్టుకున్నది నేను కాదు, ఆ టర్నరే. జేబులోంచి మడతపెట్టిన నోటుపుస్తకం కాగితం తీసి నా బల్లమీద పరిచారు. అదే రోజు 81,000కు చెక్కు రాసిచ్చాను గానీ, ఆయన ముందు నాకు మొహం చెల్లలేదు. కన్సల్టెన్సీ వారు మాత్రం టైపింగ్ పొరపాటన్నారు.

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడూ ఇదే తీరు. అలవెన్సులు మొత్తం జీతంలో సగం మించితే, మించినంత మేర వేతనంగానే లెక్కించాలన్న నిబంధన మావంటివారి జీతాల పట్టికనే మార్చేస్తుంది. దాని గురించి నేను అడిగేవరకు వీరి నుంచి ఒక్క మెసేజ్ రాలేదు.

రిటర్నుల వరకు వీరినే కొనసాగిస్తున్నాను. సెటిల్‌మెంట్ లెక్కలు మాత్రం నేనే వేసి, పనివారికి చూపించాకే సంతకం పెడుతున్నాను. ఐదింటికి మూడు మార్కులు.