వోలోఫ్ కోర్సు కొంటున్నారా? ముందు ‘జున్ని’ అంటే ఎంతో అడగండి

ఉద్యోగం మీద పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ వెళ్తూ, అక్కడ జనం మాట్లాడే వోలోఫ్ భాష కోసం ఆన్‌లైన్‌లో కోర్సు కొనబోతున్నవాళ్లు కాస్త ఆగండి. ‘30 రోజుల్లో గడగడా’ అన్న ప్రకటన నమ్మి నేను 6,500 రూపాయలు పోగొట్టుకున్నాను.

సెనెగల్ రాజధాని డాకర్‌లో దిగిన రెండో వారం హెచ్‌ఎల్‌ఎం మార్కెట్‌లో బట్ట బేరం చేశాను. కొట్టాయన ‘జున్ని’ అన్నాడు. కోర్సు ప్రకారం జున్ని అంటే వెయ్యి. (మన జున్ను కాదు లెండి.) చవకే అనుకుని వెయ్యి ఫ్రాంకుల (అక్కడి డబ్బు) నోటు ఇచ్చాను. ఆయన నోటునీ నన్నూ మార్చి మార్చి చూసి, పక్క కొట్టువాణ్ని పిలిచి మరీ నవ్వాడు.

సంగతి మా ఇంటి ఓనరమ్మ చెప్పారు. అంకెగా జున్ని వెయ్యే. కానీ వోలోఫ్‌లో డబ్బు లెక్క దెరెమ్‌లలో ఉంటుంది, ఒక దెరెమ్ 5 ఫ్రాంకులు. కాబట్టి కొట్లో జున్ని అంటే 5,000 ఫ్రాంకులు! వెయ్యి ఫ్రాంకులైతే ‘ఞారి తేమేర్’, అంటే రెండు వందలు అంటారు. మా నానమ్మ ముప్పావలా లెక్కలాంటిదే, చెబితే ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది. ఆ ఐదు నిమిషాలే కోర్సులో లేవు.

పలకరింపులూ అంతే. నేరుగా ధర అడగడం నేర్పారు. ఇక్కడ ముందు సలాం చెప్పాలి, ‘నంగ దెఫ్’ అని బాగోగులు అడగాలి, ఇంట్లోవాళ్ల గురించీ అడగాలి. ‘నంగ దెఫ్’కి జవాబు ‘మాంగి ఫి రెక్’, అంటే ఇక్కడే ఉన్నాను అని. ఇవేవీ లేకుండా ‘ఎంత?’ అంటే మొరటుగా ఉంటుంది.

ఆడియో మరీ ఘోరం. ఏదో మెషిన్ గొంతు అన్నాన్ని ‘సీబ్’ అని చదివింది. అది ‘చేబ్’. చ, ఞ, ద్విత్వాలు, దీర్ఘాలు మన నోటికి అలవాటైనవే, సరిగ్గా వినిపిస్తే మనకి కష్టమే కాదు.

కొనేముందు రెండు పాఠాల ఆడియో ఉచితంగా వినిపించమనండి. డబ్బు లెక్క ఏ పాఠంలో ఉందో చూపించమనండి. విదేశాల్లో సేవకి వెళ్లే అమెరికా ప్రభుత్వ పీస్ కోర్ వలంటీర్ల కోసం రాసిన పాత వోలోఫ్ పాఠాలు నెట్‌లో ఊరికే దొరుకుతాయి, ముందు అవి చూడండి. నా రీఫండ్ సంగతా? ‘రెండో పాఠం తెరిచారు కాబట్టి కుదరదు’ అని ఒక్క ముక్క మెయిల్ వచ్చింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.