లిఫ్టు ఉన్నదన్నరు: అత్తమ్మతోటి ఓరుగల్లు యాత్ర

పెద్దవాళ్లను తీసుకొని వరంగల్ పోయేటోళ్లు రూము బుక్ చేసేముందు ఇది చదవాలె. మేము పోయేముందు మాకు ఇట్ల చెప్పినోళ్లు ఎవరూ లేకపాయె.

మా అత్తమ్మకు అరవై ఎనిమిదేండ్లు. రెండు మోకాళ్లు అరిగినయి. ఇంట్ల రెండు మెట్లు దిగాలన్నా గోడ పట్టుకుంటది. కార్తీక సోమవారం నాడు వేయి స్తంభాల గుడిల దీపం పెట్టాలని ఆమెకు ఎన్నో ఏండ్ల కోరిక. మామయ్య ఉన్నప్పుడు పోదాం పోదాం అనుకుంటనే రోజులు గడిచిపోయినయి. ఈ కార్తీకంల నేనే పట్టుబట్టిన. ఆదివారం బయలుదేరి మంగళవారం రాత్రికి ఇల్లు చేరాలె. నేను, మా ఆయన, అత్తమ్మ, నాలుగో తరగతి చదివే మా చిన్నోడు.

జగిత్యాలల ఎక్కి కరీంనగర్‌ల బస్సు మారినం. ఎక్స్‌ప్రెస్ కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే నాకు, అత్తమ్మకు జీరో టికెట్, అంటే ఆడవాళ్లకు పైసలు లేకుంట ఇచ్చే టికెట్. మా ఆయనకు, చిన్నోడి హాఫ్ టికెట్‌కు కలిపి 270 అయినయి. ప్రయాణం గురించి ఇంతకంటే చెప్పేది లేదు, అంత సుఖంగ సాగింది.

లాడ్జి మా ఆయన ఫోన్ల చూసి బుక్ చేసిండు. ఫొటోలల్ల తెల్లటి దుప్పట్లు, కింద "లిఫ్టు కలదు", ఇంకో లైన్ల "వేయి స్తంభాల గుడికి నడిచి వెళ్లే దూరం". రోజుకు 1,800, ఎక్స్‌ట్రా బెడ్డుకు 300. నేను వేరేగ ఫోన్ చేసి అడిగిన కూడా. "మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, లిఫ్టు ఉన్నది కదా?" అంటే, "ఉన్నది మేడం, రండి" అన్నడు. వెయ్యి రూపాయలు అడ్వాన్సు కొట్టినం.

హన్మకొండ బస్టాండుల దిగి లాడ్జి పేరు చెప్తే ఆటో ఆయన మా మొఖాలు చూసిండు. "అది వరంగల్ స్టేషన్ దిక్కు అమ్మా, గుడేమో గిక్కడనే ఉన్నది" అన్నడు. బయటోళ్లు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. మనం వరంగల్ అని ఒక్క పేరు పెట్టి పిలుస్తం గని, అక్కడ కాజీపేట, హన్మకొండ, వరంగల్ అని మూడూర్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నయి. కాజీపేట స్టేషన్ ఒక కొసకు, వరంగల్ స్టేషన్ ఇంకో కొసకు, నడుమ హన్మకొండ. వేయి స్తంభాల గుడి, ములుగు దిక్కు పోయే బస్సులు, తిండి దొరికే చౌరస్తా అన్నీ హన్మకొండల. కోట ఒక్కటి వరంగల్ దిక్కు. ఆటోకు 150 ఇచ్చి, దిగిన ఊరిని దాటి లాడ్జికి పోయినం.

కౌంటర్ల ఉన్న అబ్బాయి మా ఆధార్లు తీసుకున్నడు, సంతకాలు పెట్టించుకున్నడు, ఆ రాత్రికి మిగతా పైసలు కట్టించుకున్నడు. తాళంచెవి చేతిల పెట్టినంక అప్పుడు చెప్పిండు, "మూడో ఫ్లోర్ సార్, లిఫ్టు రిపేర్ల ఉన్నది, పొద్దుగాల మనిషి వస్తడు" అని.

నేను పోయి లిఫ్టు తలుపు సందుల నుంచి చూసిన. లోపల మంచినీళ్ల బాటిళ్ల అట్టపెట్టెలు పై దాక పేర్చి ఉన్నయి. వాటి మీద ఒక పాత పరుపు. ఆ పరుపు మీద వేలుతోటి గీస్తే గీత పడేంత దుమ్ము. నిన్నమొన్న చెడిపోయిన లిఫ్టు కాదది. కింద రూములు అడిగితే కార్తీకం కదా, అన్నీ నిండినయన్నడు. పైసలు వాపసు ఇయ్యి, వేరే చూసుకుంటమంటే బుక్ చేసినంక వాపసు ఉండదన్నడు. మా ఆయన నాలుగు మాటలు గట్టిగనే అన్నడు. వాడు ఫోన్ చూసుకుంట కూసున్నడు.

అత్తమ్మ మెట్లెక్కింది. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక చెయ్యి నా భుజం మీద. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ కలిపి, ఆగి, ఊపిరి తీసుకొని ఇంకో మెట్టు. రెండో అంతస్తు మలుపుల ఇగ కాదని అక్కడనే నేల మీద కూసున్నది. చిన్నోడు ముందుగాల ఉరికి లెక్కపెట్టి వచ్చి, "నానమ్మా, ఇంక పందొమ్మిదే" అన్నడు. "ఏం గాదు బిడ్డా, ఎక్కుత" అని ఆమె నాతోటి అన్నది గని, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ పందొమ్మిది మెట్లను నేను మర్చిపోను.

రాత్రికి మోకాళ్లు ఉబ్బినయి. కాపడం పెడదామని బాత్రూంల వేడినీళ్లు తిప్పితే చల్లటివే వచ్చినయి. గీజర్ పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది దాకనేనట. కిందికి పోయి వేడినీళ్లు అడిగితే బకెట్‌కు 40 రూపాయలన్నరు. రెండు బకెట్లకు 80 ఇచ్చిన. 1,800 తీసుకున్నోడు ముసలామె కాళ్లకు పెట్టే వేడినీళ్లకు పైసలు అడుగుడు చూసినంక, ఆ రాత్రే అనుకున్న, ఇక్కడ రెండో రాత్రి పండొద్దని. మా ఆయన బుక్ చేసింది తనే కాబట్టి ఎవరితోటీ మాట్లాడలేదు. అన్నం కూడా సగంల లేచిండు. ఆయన తప్పేం లేదని చెప్పినా వినలేదు.

సోమవారం పొద్దుగాల నాలుగున్నరకే దిగినం. దిగుడు ఎక్కుడు కన్న కష్టమయింది. ఆ యాళ్ల స్టేషన్ దగ్గర ఆటోలు తక్కువ. పగటిపూట 150 అయ్యేదానికి 300 అడిగిండ్రు, ఇచ్చినం. హన్మకొండల రూము తీసుకొని ఉంటే గుడికి దగ్గర పడేవాళ్లం.

గుడిల అడుగుపెట్టినంక మాత్రం అత్తమ్మ వేరే మనిషయింది. ఇంకా చీకటే. ఎటు చూసినా దీపాలు. తలంటుకొని తడి జుట్టు ముడేసుకున్న ఆడవాళ్లు మూడు వందల అరవై ఐదు వత్తుల కట్టలు నెయ్యిల ముంచి వెలిగిస్తున్నరు. 1163ల కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. పూజలు అందుకునేది రుద్రేశ్వరుడు ఒక్కడే, మిగతా రెండింటిల మూర్తులు లేవు. దీపాల వెలుగు ఆ నల్లరాతి స్తంభాల నున్నదనం మీద పడి, ఒక్క దీపం పది దీపాలై కనబడ్డది. అత్తమ్మ స్తంభాన్ని చేత్తోటి నిమిరి, "అద్దం లెక్క ఉన్నది బిడ్డా" అన్నది. నిజంగనే అందుల మా ఇద్దరి నీడలు కనబడ్డయి.

మోకాళ్ల నొప్పులోళ్లకు ఇక్కడ రెండు జాగ్రత్తలు. మెట్లు తక్కువే గని ఒక్కోటి ఎత్తు ఎక్కువ, ఎవరన్న చెయ్యి పట్టాలె. కార్తీకంల బండల మీద నూనె ఒలికి జారుతది, దీపాలు పెట్టే తావు నుంచి పక్కకు నడిపించండి. పెద్ద నంది ఉన్న మండపం దాటినంక కళ్యాణ మండపం వస్తది. దాన్ని 2006ల ఒక్కో రాయి విప్పి, మళ్ల పేర్చి, 2024ల తెరిచిండ్రు. అరుగు మీద కూసొని అత్తమ్మ గంట సేపు కదల్లేదు. మామయ్య పేరు మీద కూడా ఒక దీపం పెట్టిందట, బయటకు వచ్చినంక చెప్పింది.

అక్కడి నుంచి సీదా లాడ్జికి పోయి ఖాళీ చేసినం. రెండు రాత్రులకు బుక్ చేసిండ్రు కాబట్టి రెండో రాత్రికి సగం, 900, కట్టాలన్నరు. కట్టినం. ఒక్క రాత్రికి మొత్తం 3,080 అయినయి, నీళ్ల బకెట్లతోటి సహా.

కొత్త రూము హన్మకొండ చౌరస్తా దగ్గరి సందుల దొరికింది. ఫొటోలు లేవు, ఫోన్ల బుకింగు లేదు. 1,100 రూపాయలు, కింది అంతస్తు, ఎక్స్‌ట్రా బెడ్డుకు అడగలేదు, చాప, దుప్పటి ఇచ్చిండ్రు. గోడల రంగు పాతది, టీవీ నడవదు. గని ఆ ఇంటామె అత్తమ్మ నడక చూసి, మేము అడగకముందే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బాత్రూంల వేసింది. "కూసొని స్నానం చెయ్యి పెద్దమ్మా" అన్నది. రాత్రి వేడినీళ్లు తనే గిన్నెల పట్టుకొచ్చింది. పైసలు ఇయ్యబోతే కోపానికి వచ్చింది. మా ఆయన ఆ రాత్రి కడుపునిండ తిన్నడు.

సాయంత్రం కోటకు పోయినం. హన్మకొండ నుంచి పోయి రావడానికి, అక్కడ ఆగడానికి కలిపి ఆటోకు 500. టికెట్ మనిషికి 25, పిల్లలకు లేదు, 75 అయినయి. పెద్దవాళ్లను నిర్భయంగ తీసుకపోయే చోటు ఇది. రాతి తోరణాల నడుమ అంతా చదును, మెల్లగ నడవొచ్చు. ఎండకు నీడ తక్కువ, నాలుగు దాటినంకనే పొండ్రి. ఏకశిల గుట్ట మీదికి మా ఆయన, చిన్నోడు ఎక్కిండ్రు, మేమిద్దరం స్వయంభూ గుడి శిథిలాల దగ్గర కూసున్నం. 1323ల ఢిల్లీ సైన్యం చేతిల ఓరుగల్లు పడ్డది. చెక్కిన హంసలు, విరిగిన నందులు, సగం తెగిన పద్మాలు ఇప్పటికీ నేల మీద వరుసగ పడి ఉన్నయి. నాలుగు తోరణాలు మాత్రం నాలుగు దిక్కుల నిలబడే ఉన్నయి. అత్తమ్మ చాలాసేపు చూసి, "సర్కారు కాగితాల మీద ముద్రల ఉంటది, గదే కదా?" అన్నది. ఔను, రాష్ట్ర చిహ్నంల ఉన్నది ఆ తోరణమే. చదువు రాని మనిషి, పింఛను కాగితం మీద చూసి గుర్తుపెట్టుకున్నది.

వచ్చేటప్పుడు చౌరస్తా దగ్గర బండి మీద సర్వపిండి తిన్నం. మా దిక్కు సర్వప్ప అంటం. ఆ బండామె దగ్గర మూడు సర్వలు, అంటే లోతు గిన్నెలు, ఉన్నయి. ఒకటి పొయ్యి మీద కాలుతుంటే, ఒకటి బోర్లించి దాని వీపు మీద నీళ్లు చల్లుతది, ఇంకోదాంట్ల పిండి అద్దుతది. వేడి గిన్నెల పిండి అద్దితే చెయ్యి కాలుతది, పిండీ అంటదు. బియ్యప్పిండిల నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు. వేలుతోటి ఐదారు బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కల నూనె పోసి మూత పెడుతది. అడుగు ఎర్రగ కాలి, పైన మెత్తగ, అంచులు కరకర. ఒక్కోటి 40. అత్తమ్మ ఎవరి వంటనూ ఊరికెనే మెచ్చుకోదు, నాది అసలే మెచ్చుకోదు. రెండోది అడిగి తీసుకున్నది. పెద్ద హోటల్ల 640 పోసి తిన్న మధ్యాహ్నం భోజనం దీని ముందట ఎందుకూ పనికిరాదు.

మంగళవారం రామప్ప. కారుకు 3,200 అడిగిండ్రు, వద్దన్నం. హన్మకొండ బస్టాండు నుంచి ములుగు బస్సు, మళ్ల మా ఇద్దరికీ జీరో టికెట్. ములుగుల ఆటో మాట్లాడుకుంటే పాలంపేటకు పోయి రావడానికి 800. జంగాలపల్లి క్రాస్ దగ్గర మలిగితే పొలాల నడుమ నుంచి దారి. 1213ల కాకతీయ సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో జాబితాకు ఎక్కింది. నీళ్లల్ల తేలే ఇటుకల గురించి అందరూ చెప్తరు. నాకు ఇప్పటికీ కండ్ల ముందట ఉన్నది వేరే. గైడు ఒక దారం తీసి, శిల్పం మీద చెక్కిన సన్నటి బొక్కలనుంచి దూర్చి అవతల నుంచి లాగిండు. సూది బెజ్జమంత సందు, రాతిల! చిన్నోడు తన చేతికి దారం తీసుకొని మళ్ల మళ్ల దూర్చిండు. గైడుకు 200 ఇచ్చినం, ఇంకో వంద ఇయ్యాల్సింది.

గుడి ఎత్తైన పీఠం మీద ఉంటది. ఎక్కేది కొన్ని మెట్లే గని పట్టుకోను ఏమీ లేదు. గేటు నుంచి గుడి దాక నడక కూడా ఉన్నది. అత్తమ్మ నా భుజం, చిన్నోడి చెయ్యి పట్టుకొని ఎక్కింది. పైకి ఎక్కినంక మదనికల దిక్కు, అంటే చూరు కింద ఉన్న ఆడవాళ్ల శిల్పాల దిక్కు, తలెత్తి చూస్తుంటే ఆమె ఆదివారం రాత్రి నొప్పి సంగతే మరిచింది. అందుల ఒకామె ఎత్తు మడమల చెప్పులేసుకొని ఉంటది, అది చూసి చిన్నపిల్ల లెక్క నవ్వింది. లక్నవరం చెరువు కూడా అటే గని, ఊగే వంతెన మీద ఆమెను నడిపించే ధైర్యం మాకు లేకపాయె.

తిరిగొచ్చేటప్పుడు వరంగల్‌ల నేతగాళ్లుండే కొత్తవాడల ఆగి ఒక దర్రీ, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానా, కొన్నం. మగ్గం ముందట కూసున్న పెద్దమనిషి దువ్వెన లెక్క ఉండే ఇనుప పంజాతోటి నూలును టక్ టక్ కొడుతుంటే నేను పక్కన నిలబడి చూసిన. పంజాతోటి అంత గట్టిగ కొడితేనే అంత దిట్టంగ వస్తదట. నాలుగు బై ఆరుది 950. షాపుల అదే సైజు 1,400 చెప్పిండ్రు. నేరుగా మగ్గం దగ్గరికే పొండ్రి, బేరం చెయ్యకండ్రి. ఇప్పుడు అత్తమ్మ దాని మీదనే పంటున్నది.

ఇది రాసేముందు నిన్న మా అన్న ఫోన్ తీసుకొని ఆ లాడ్జికి చేసిన. ముసలోళ్లు ఉన్నరు, లిఫ్టు ఉన్నదా అని అడిగిన.

"ఉన్నది మేడం, రండి" అన్నడు. అదే గొంతు.

"నడుస్తదా?" అన్న.

కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రిపేర్ల ఉన్నది మేడం, రేపు మనిషి వస్తడు" అన్నడు.