నెల్లూరు పొట్టేలు మాంసం: కొనేముందు పళ్ళు చూడండి

నెల్లూరు, ఒంగోలు మటన్ అంగళ్ళలో దొరికే మాంసంలో నెల్లూరు జాతి పొట్టేలుకు ఐదుకు నాలుగున్నర మార్కులివ్వొచ్చు. అర మార్కు తగ్గింది జీవం వల్ల కాదు, ముసలి గొర్రెను పొట్టేలని అంటగట్టే అంగళ్ళ వల్ల.

మన దేశపు గొర్రెల్లో ఎత్తుకు పేరుపడ్డ జాతి ఇది. ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తెల్లటి ఒంటి మీద మూతికీ కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, తెలుపైతే పల్ల, ఎర్రగోధుమ రంగైతే దొర. రుచికి రంగుతో పనిలేదు, వయసుతోనే పని.

కింది పెదవి లాగి చూడండి. పై దవడకు ముందు పళ్ళుండవు కాబట్టి లెక్కంతా కింది వరసదే. అన్నీ చిన్న పాలపళ్ళైతే ఏడాది లోపుది. మధ్యలో రెండు వెడల్పాటి పళ్ళొస్తే ఏడాది, ఏడాదిన్నర. కూరకు ఈ రెండూ మేలు. ఎనిమిదీ నిండితే నాలుగేళ్ళ దగ్గరిది, కుక్కర్లో నాలుగైదు విజిల్స్‌తో ఉడకదు. కోసి వేలాడదీశాక అడిగితే తల చూపించాలి. చూపించని అంగట్లో కొనకండి.

ఇలాగే పెదవి లాగి పళ్ళు లెక్కపెట్టే ఇంకో జీవం ఒంగోలు గిత్త. బండలాగుడు పందేల్లో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలే ఉంటాయి. ఒకచోట ఆ లెక్క గిన్నెలోకి, ఇంకోచోట బరిలోకి. తేడా జీవంలో లేదు, మనతో గడిపే కాలంలోనూ చేసే పనిలోనూ ఉంది. పొట్టేలుపిల్ల కొద్ది నెలలకే మంద వదిలి సంతకు పోతుంది. ఎద్దు ఏళ్ళ తరబడి అదే కాడి కింద నడుస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది. కనుమకు కొమ్ములకు రంగులేసేది దానికి, ముక్కనుమకు మసాలా నూరేది పొట్టేలుకు. ఇక్కడ గోవునూ దూడనూ కోయకూడదని 1977 చట్టమూ ఉంది. అదే ఒంగోలు జాతి ఓడలెక్కి బ్రెజిల్ పోయి, మన నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ అయ్యి, అక్కడ ప్రధానంగా మాంసానికే పెరుగుతోంది.

తల్లి చస్తే సీసాపాలతో పెరిగిన గొర్రెపిల్ల కూడా వాకిట్లో మనిషి వెంటే తిరుగుతుంది. దాన్ని కోయడానికి ఆ ఇంట్లో ఎవరికీ చేయి రాదు. మొక్కు పొట్టేలును నెలల ముందు తెచ్చి పిల్లల చేత మేపించకండి, ఒకటి రెండు రోజుల ముందు తెస్తే చాలు.

కోసే ముందు పన్నెండు గంటలు మేత ఆపాలి, నీళ్ళు మాత్రం పెట్టాలి. నిండు పొట్ట చిరిగితే మాంసమంతా పాడవుతుంది. ఈడ్చుకొచ్చి బెదరగొట్టిన జీవం కండలోని శక్తి ముందే కరిగిపోతుంది, మాంసం నల్లబడి జిగటగా మారి త్వరగా చెడుతుంది. 25 కిలోల పొట్టేలుకు ఎముకతో కలిపి పన్నెండు కిలోలు వస్తే మంచి లెక్కే. కోసిన రెండు మూడు గంటల్లోనే వండితే కండ బిగిసి ఉంటుంది, ఎంత ఉడికించినా నమలాల్సిందే. ఫ్రిజ్‌లో కింది అరలో ఒక రాత్రి ఉంచి, తెల్లారి ఉప్పూ పసుపూ పట్టించి పొయ్యెక్కించండి.