కారు స్పీకర్లు నేనే మార్చుకున్నాను, నాలుగేళ్లు విన్నాక రాస్తున్నాను

కొన్న వారంలోనే రాసే రివ్యూలు చదివి స్పీకర్లు కొన్నాను. అవి డోర్‌లో ఒక వానాకాలం గడిచాక ఎలా ఉంటాయో వాటిలో ఒక్కరూ రాయలేదు. అందుకే నేను ఆగి ఇప్పుడు రాస్తున్నాను. బండి 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మధ్య రకం వేరియంట్. ముందు డోర్లలో రెండు స్పీకర్లు, వెనక డోర్లలో రెండు, ట్వీటర్లు (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) లేవు. 2021 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టాను. అప్పటినుంచి 50 వేల కిలోమీటర్ల పైనే తిరిగాను, ఎక్కువగా ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి, మళ్లీ వెనక్కి. పోను రాను సుమారు 400 కిలోమీటర్లు, చాలాసార్లు బండిలో నేనొక్కణ్నే, తోడు పాటలే.

కంపెనీ ఫిటింగ్ స్పీకర్ విప్పి చేతిలోకి తీసుకున్నప్పుడు దాని బరువు చూసి బాధేసింది. కాగితం కోన్, ప్లాస్టిక్ ఫ్రేమ్, వెనక చిన్న అయస్కాంతం. ఈ ధరలో వచ్చే చాలా బండ్లలో ఇంతే. వార్తలు వినడానికి సరిపోతుంది. కానీ బాలమురళీకృష్ణ గారు మంద్ర స్థాయికి దిగితే గొంతు మాయమైపోయేది, మృదంగంలో కుడి వైపు దెబ్బలు టకటకా వినపడేవి గానీ ఎడమ వైపు గంభీరమైన నాదం ఉందో లేదో తెలిసేది కాదు, పోనీ అని వాల్యూమ్ పెంచితే డోర్ ప్యాడ్ జరజరా అదిరేది.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి ఆరున్నర అంగుళాల కాంపోనెంట్ సెట్ 7,500కి తెచ్చాను. కాంపోనెంట్ అంటే ట్వీటర్ విడిగా, పెద్ద స్పీకర్ విడిగా, రెంటికీ శబ్దాన్ని పంచిపెట్టే క్రాసోవర్ మధ్యలో ఉంటుంది. పెట్టె మీద 300 వాట్స్ అని పెద్ద అక్షరాలు. ఆ అంకె చూసి మోసపోవద్దు, చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా మోసే పవర్. కంపెనీ స్టీరియో లోపల ఉండే ఆంప్లిఫయర్ చిప్ బండి వోల్టేజీ మీదే నేరుగా నడుస్తుంది, ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల చిల్లర, దాంతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి శుభ్రంగా అందేది 20 వాట్స్‌కి కొంచెం అటూ ఇటూ. స్టీరియో మీద 4 x 50 అని రాసి ఉన్నా సరే. అందుకే విడిగా ఆంప్లిఫయర్ పెట్టని వాళ్లు వాట్స్ వదిలేసి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె, చూసి కొనాలి. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ తక్కువున్న స్పీకర్ అంతే గట్టిగా మోగాలంటే రెట్టింపు పవర్ అడుగుతుంది. నేను 91 డెసిబెల్స్ ఉన్నది తీసుకున్నాను, ఈ ఒక్క విషయంలో మొదటిరోజే సరైన పని చేశాను.

ఆదివారం పొద్దున్నే కూర్చుని రెండు డోర్లూ విప్పి బిగించాను. పాట పెట్టాను. తాళాలు, గజ్జెలు, వయొలిన్ తీగ మీద కమాను రాపిడి, ఇవన్నీ మెరిసినట్టు వినపడ్డాయి. కానీ బేస్ మాత్రం పాత స్పీకర్ల కంటే తక్కువైంది! 7,500 పోసి ఉన్నది పోగొట్టుకున్నానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణాలు రెండు దొరికాయి. మొదటిది చిన్నది. ఎడమ డోర్‌లో ప్లస్, మైనస్ తిరగేసి కలిపాను. ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, బేస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. దీన్ని పరీక్షించడానికి ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ బ్యాటరీ చాలు. వైర్ల చివర ఒక్క క్షణం తాకించండి, బ్యాటరీ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి పొంగాలి. ప్యాడ్ మూసేముందు రెండు వైపులా ఇది చేసి తీరాలి.

రెండో కారణమే అసలు సంగతి, ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా అదే. స్పీకర్‌ని చేత్తో పట్టుకుని వాయించి చూడండి, దోమ పాడినట్టు ఉంటుంది. అదే స్పీకర్‌ని అట్టపెట్టెకి బెజ్జం చేసి అందులో కూర్చోబెడితే ఒక్కసారిగా ఒళ్లు చేస్తుంది. కోన్ ముందు వైపు ఎంత గాలిని తోస్తుందో వెనక వైపు అంతే గాలిని వ్యతిరేకంగా తోస్తుంది, ఆ రెండూ కలిస్తే మంద్ర స్వరాలు మిగలవు. కారులో ఆ పెట్టె పని చేయాల్సింది డోర్. మరి డోర్ ప్యాడ్ విప్పితే కనపడేదేమిటి? చెయ్యి మోచేతి దాకా దూరేంత బెజ్జాలున్న లోపలి రేకు, దాని మీద వాన నీటి కోసం అతికించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం, బయటి వైపు వేలితో కొడితే డబ్బాలా మోగే ఇంకో రేకు. ఇలాంటి పెట్టెలో 7,500 స్పీకర్ పెట్టినా 20,000 స్పీకర్ పెట్టినా పెద్ద తేడా ఉండదు.

5,500 పెట్టి 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు (రేకు అదురు తగ్గించే రబ్బరు షీట్లు) తెప్పించాను. తారుతో చేసినవి చవగ్గా దొరుకుతాయి, వద్దు. మే నెలలో మా ఖమ్మం ఎండకి నిలబెట్టిన బండి డోర్ రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది, బండంతా రోడ్డు వేసే వాసన. బ్యూటైల్‌వి నాలుగు ఎండాకాలాలు చూశాయి, మొన్న విప్పినప్పుడు కూడా ఒక్క అంచు లేవలేదు. దానికి కారణం నేను రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవడం, చిన్న రోలర్‌తో చేతులు నొప్పి పుట్టేదాకా నొక్కడం అనుకుంటున్నాను. షీట్ మీద గళ్ల అచ్చు ఉంటుంది, అది నున్నగా అణిగిపోయేదాకా నొక్కాలి. ముందు బెజ్జాల్లోంచి చెయ్యి పోనిచ్చి బయటి రేకుకి లోపలి వైపు అతికించాలి, మొత్తం కప్పక్కర్లేదు, సగం కప్పినా ఆ డబ్బా మోత పోతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ కాగితం తీసేసి లోపలి రేకు బెజ్జాలన్నీ మూసేయాలి. రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టకండి.

అవే స్పీకర్లు, అదే స్టీరియో, అదే పాట. డోర్లు మూసి ప్లే నొక్కాను. మృదంగం ఎడమ వైపు నాదం మొదటిసారి నా బండిలో వినపడింది. అమ్మ పొద్దున్నే గుడికి వెళ్లేటప్పుడు వెనక సీట్లో కూర్చుని అన్నమయ్య కీర్తన వింటూ "ఏరా, కొత్త పాటా ఇది?" అంది. రోజూ వినే పాటే. ఇంకో సంగతి, డోర్ మూస్తే వచ్చే చప్పుడు కూడా మారింది, దడేల్‌మని కాకుండా ధప్‌మని మెత్తగా పడుతుంది, హైవే మీద లారీ పక్కనుంచి పోతే ఆ రొద కూడా తగ్గింది. ఎవరైనా నన్ను పది వేలే ఉన్నాయి ఏం చేయమంటావ్ అని అడిగితే, సగం డబ్బుతో డోర్ షీట్లు కొను, మిగిలిన సగానికి ఏ స్పీకర్లు వస్తే అవి కొను అంటాను.

ఇక నాలుగేళ్లలో వచ్చిన తిప్పలు. ఆ జులైలో గట్టి వాన పడ్డ మర్నాడు డోర్ తీస్తే లోపల నీళ్లు గలగలమన్నాయి. డోర్ అడుగున నీళ్లు బయటికి పోవడానికి చిన్న కంతలు ఉంటాయి, నేను అతికించిన షీట్ అంచు ఒక కంత మీదికి వచ్చేసింది. అలాగే వదిలేసి ఉంటే డోర్ తుప్పు పట్టిపోయేది. షీట్లు వేసేముందు ఆ కంతల్ని చూసుకుని, పని అయ్యాక మగ్గుతో అద్దం మీద నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి.

స్పీకర్‌కి, డోర్‌కి మధ్య పెట్టే రింగులు నాకు అమ్మినవి ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన) చెక్కవి, జత 700. రెండో వానాకాలానికి ఎడమ వైపు రింగు నీళ్లు తాగి ఉబ్బి అట్టలా పొరలు పొరలుగా విడిపోయింది, స్పీకర్ వదులై కొన్ని పాటల దగ్గర టిక్ టిక్ మని కొట్టుకునేది. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది. గట్టి ప్లాస్టిక్ రింగులు వేశాక మళ్లీ రాలేదు. చెక్కే వాడాలనుకుంటే రెండు కోట్లు వార్నిష్ వేసి వాడండి. రింగు ఎంత మందం ఉందన్నది కూడా ముఖ్యం, అద్దం పూర్తిగా కిందికి దించి అయస్కాంతానికి తగలడం లేదని చూసుకున్నాకే మరలు బిగించాలి.

మూడో ఏడు కుడి వైపు పవర్ విండో ఆగిపోయింది. మెకానిక్ ప్యాడ్ విప్పి, మూసేసిన బెజ్జాలు చూసి, "అన్నా, ఇది పీకితే మళ్లీ అంటుకోదు" అన్నాడు. నిజమే, ఆ నల్లటి బంక చేతులకు, బట్టలకు, అద్దానికి అంతా అంటుకుంది, మళ్లీ కొత్త షీట్ వేయాల్సొచ్చింది. ఇప్పుడైతే పెద్ద బెజ్జానికి పల్చటి అల్యూమినియం రేకు కోసి మరలతో బిగించి దాని మీద షీట్ వేస్తాను, అవసరమైతే మరలు విప్పి తీసుకోవచ్చు. డోర్ ప్యాడ్ క్లిప్పులు కూడా విప్పిన ప్రతిసారీ ఒకటో రెండో విరుగుతాయి, ముందే ఓ పది కొనిపెట్టుకోండి. విరిగిన క్లిప్పు చోట ప్యాడ్ అదురుతుంది, అప్పుడు స్పీకర్ పాడైందని పొరబడతాం.

స్పీకర్లు మార్చిన ఎనిమిది నెలల తర్వాత పక్క సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ మాత్రమే మోగించే స్పీకర్) వేశాను, ఆంప్లిఫయర్ అందులోనే ఉంటుంది, 11,000. వైరింగ్ కిట్ ఇంకో 1,800. దీనికి బ్యాటరీ నుంచి నేరుగా పవర్ వైర్ లాగాలి. భయపడాల్సిన చోటు ఇదే. ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఆ ఫ్యూజు కాపాడేది సబ్‌వూఫర్‌ని కాదు, వైర్‌ని. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే చోట రేకు అంచుకి వైర్ రాసుకుని తొక్క ఊడితే, ఫ్యూజు లేని బండి తగలబడుతుంది. ఆ బెజ్జానికి రబ్బరు వాషర్ తప్పనిసరి. వైర్ కొనేటప్పుడు కొనను గోకి చూడండి, పైన రాగి పూత, లోపల తెల్లగా ఉంటే అది అల్యూమినియం, అదే మందంలో తక్కువ కరెంటు మోస్తుంది. పని మొదలుపెట్టేముందు పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ తీసేయండి. ముందద్దం పక్క పిల్లర్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో ఆ పిల్లర్ జోలికి ట్వీటర్ల కోసం వెళ్లొద్దు, నేను సైడ్ మిర్రర్ వెనక ఉండే మూడు మూలల ప్లాస్టిక్ ముక్కలో పెట్టాను.

సబ్‌వూఫర్ పెట్టిన రోజు యాక్సిలరేటర్ తొక్కితే కుయ్‌మని ఒక కూత వచ్చేది, ఇంజన్ వేగంతో పాటు అదీ పెరిగేది. ఎర్త్ వైర్‌ని సీటు బోల్టుకి కలిపాను, బోల్టు కింద పెయింట్ ఉంది. ఉప్పు కాగితంతో ఆ చోట పెయింట్ గీకి మెరిసే రేకు తేలాక బిగించాను, కూత ఆగిపోయింది, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు. సబ్‌వూఫర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర కోశాను, అంటే అంతకంటే కింది శబ్దాలే దానికి వెళ్తాయి. గెయిన్ (దాని మోత పెంచే మీట) సగానికి పైకి ఎప్పుడూ తిప్పలేదు. గుద్దుడు కోసం కొనేవాళ్లకి ఇది నచ్చదు, పెళ్లి ఊరేగింపు డప్పులా అదరదు. నాకు కావాల్సింది వీణ మంద్ర తీగ, డోలు గంభీర నాదం, అవి నిండుగా వస్తున్నాయి. ఒక్కసారి మాత్రం బంధువుల పెళ్లిలో ఇంజన్ ఆపి ముప్పావు గంట పాటలు పెడితే బ్యాటరీ దిగిపోయింది, నలుగురు తోయాల్సొచ్చింది. నా బండిది 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, చిన్నదే.

స్టీరియో మార్చలేదు. స్టీరింగ్ మీద బటన్లు, రివర్స్ కెమెరా అన్నీ దానికే కలిసి ఉన్నాయి. సబ్‌వూఫర్‌కి సిగ్నల్ వెనక స్పీకర్ వైర్ల నుంచి తీసుకున్నాను. 600 పెట్టి అడాప్టర్ కప్లర్లు కొన్నాను కాబట్టి కంపెనీ వైర్ ఒక్కటీ కొయ్యలేదు. ఒక షాపులో కోసి టేపు చుట్టేస్తామన్నారు, వెనక్కి వచ్చేశాను. వారంటీలో ఉన్న బండికి వైర్ కోస్తే రేపు ఎలక్ట్రికల్ సమస్య వచ్చినప్పుడు వాదించడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు బిల్లులు చూపించి ఈ సామాను విలువ కూడా ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద కలిపించాను, కొంచెం ప్రీమియం ఎక్కువ. వెనక డోర్లలో పాత స్పీకర్లే ఉన్నాయి, షీట్లు మాత్రం వేశాను.

టూల్స్‌తో కలిపి మొత్తం 28 వేలు అయింది. ప్లాస్టిక్ రింగులు, రెండోసారి షీట్లు దీని మీద అదనం.

ఘంటసాల గారి పాత పాటలు మోనో రికార్డింగులు, వాటికి సబ్‌వూఫర్‌తో పెద్ద పని లేదు, గొంతు మాత్రం ఎదురుగా కూర్చుని పాడినట్టు వస్తుంది. బాలు గారు చరణం ఎత్తుకునేముందు తీసుకునే ఊపిరి వినపడుతుంది. బాగా కుదించిన పాత ఎంపీ3లు ఇప్పుడు చెవికి గుచ్చుకుంటున్నాయి, పెన్‌డ్రైవ్‌లో సగం తీసేసి మంచి క్వాలిటీవి మళ్లీ ఎక్కించుకున్నాను.

ఒక్క లోటు మిగిలింది. డ్రైవర్ సీట్లో కూర్చుంటే కుడి స్పీకర్ నాకు దగ్గర, ఎడమది అర మీటరు ఎక్కువ దూరం. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది కాబట్టి ఎడమది మిల్లీసెకనున్నర ఆలస్యంగా చేరుతుంది, గాయకుడు ఎదురుగా కాకుండా కుడి డోర్ దగ్గర నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. బ్యాలెన్స్ ఎడమకి రెండు గీతలు జరిపితే కొంత సర్దుకుంటుంది. కుడి వైపు శబ్దాన్ని ఆ మేరకు ఆలస్యం చేసే డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) ఆంప్లిఫయర్ కోసం ఇప్పుడు డబ్బులు దాస్తున్నాను. సంక్రాంతి సెలవుల్లో బిగిస్తాను.