సుడి చూసి కొన్నాను, గిట్ట ఎత్తి చూడలేదు: మూడున్నరేళ్ల తర్వాత మా రాణి సంగతి

మాది మహారాష్ట్రలో ధర్మాబాద్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, గుర్రంతో మాత్రం హిందీ. అమ్మినతను దానికి ఆ భాషే అలవాటు చేశాడు మరి. ‘రుక్’ అంటే నిలబడుతుంది, ‘ఆగు’ అంటే ‘ఆగే’ అనుకుని ఇంకా ముందుకు పోతుంది. అమ్మకి ఇప్పటికీ ఇది అలవాటు కాలేదు.

జాతి, ఎత్తు, పళ్లు చూసి వయసు కట్టడం, ఇవన్నీ ఎవరిని అడిగినా చెబుతారు కాబట్టి వదిలేస్తున్నా. కొనే ముందు గ్లాండర్స్‌కి రక్తపరీక్ష అయిందో లేదో మాత్రం అడగండి, అది మనుషులకూ అంటుకునే జబ్బు. నా గోల అంతా కాళ్ల గురించే.

మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్నాను (నాసిక్ వైపుది కాదు, మన లోహా తాలూకాది). ఎర్ర ఆడగుర్రం, నాలుగు కాళ్లూ తెలుపు, నుదుటన తెల్ల మచ్చ, అంటే పంచకళ్యాణి. 60 వేలకి దిగేదేమో కానీ ఆ తెలుపు కోసం ఇంకో 12 వేలు పెట్టి 72 వేలకి తెచ్చుకున్నా. వెంట వచ్చిన మామ గంటసేపు మెడ మీద, ఛాతీ మీద, పొట్ట కింద సుడులు వెతికాడు. అన్నీ మంచి సుడులే అన్నాడు. చుట్టూ మూగినవాళ్లూ సుడులే చూశారు. ఒక్కడు కూడా కాలెత్తి గిట్ట అడుగు చూడలేదు, డబ్బు లెక్కపెట్టిన నేను కూడా.

మొదటి ఏడాది కనబడిన ప్రతివాడికీ చెప్పాను, ఎద్దుల జతని మేపే ఖర్చు కంటే ఇదే నయం అని. ఆ మాట నేనన్నది ఎండాకాలంలో. అప్పుడు నేల గట్టిగా ఉంది, లాడాలు జాతరలో కొట్టినవే నడుస్తున్నాయి, దాణా, ఉలవలు, గడ్డి కలిపి నెలకి 6 వేలు దాటలేదు. చొప్ప ఇంట్లోదే కదా అనుకున్నా, కానీ పచ్చి జొన్న గుర్రానికి రోజూ మేపితే మూత్రాశయం చెడి వెనక కాళ్లు తడబడతాయని డాక్టర్ చెప్పాక వేరే గడ్డి కొనడం మొదలైంది. అది వేరే లెక్క.

అసలు కథ వానాకాలంలో. మా రేగడి సంగతి తెలిసిందే, రెండు వానలు పడితే చెప్పు కూడా ఊడి రాదు. ముందుకాలి లాడం ఒకటి ఊడిపోయింది. నాందేడ్ నుంచి నాల్‌బంద్‌ని (గుర్రాలకి లాడాలు కొట్టేవాణ్ని) పిలిపించడం ఎందుకు, వారం సంతలో ఎద్దులకి లాడాలు కొట్టే తాత ఉన్నాడు కదా అని ఆయన దగ్గరికి తీసుకెళ్లా. తప్పు నాదే. ఎద్దుని తాళ్లు వేసి పడేస్తారు, చీలిన గిట్టకి రెండు రేకులు కొడతారు. గుర్రాన్ని నిలబెట్టి, కాలు తొడల మధ్య పట్టుకుని, గిట్ట చెక్కి, మేకు ఎటు తిరుగుతుందో చూసుకుంటూ కొట్టాలి. తాత పాపం శ్రద్ధగానే కొట్టాడు, 200 తీసుకున్నాడు.

ఐదో రోజు పొద్దున చూస్తే రాణి ఆ కాలు నేల మీద మోపడం లేదు. మూడు కాళ్ల మీద నిలబడి వణుకుతోంది. కాలు విరిగిందనే అనుకున్నా, ఆ టెన్షన్‌లో ఇంకేమీ తోచలేదు. ఊళ్లోకి వచ్చే పశువుల డాక్టర్ చూసి విరగలేదు, నరం బెణికింది అన్నారు, నొప్పి సూది వేశారు. రెండు రోజులైనా తేడా లేదు. గిట్ట మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. అప్పుడు నాందేడ్ నాల్‌బంద్ చాచాకి ఫోన్ చేస్తే మధ్యాహ్నం రైలుకి దిగాడు. ఏమీ అడగలేదు. చిన్న సుత్తితో ఒక్కో మేకు తల మీద టక్ టక్ మని తట్టుకుంటూ పోయాడు. మూడో మేకు దగ్గర రాణి కాలు లాగేసుకుంది. ‘ఇదే బేటా’ అని ఆ మేకు పీకితే నల్లటి చీము కారింది, ఆ కంపు ఇప్పటికీ గుర్తుంది. మేకు గిట్ట లోపలి పచ్చి మాంసంలోకి దిగి లోపల చీము పట్టింది, బయటికి దారి లేక గిట్టలో ఒత్తుకుంటోందన్నమాట. గంట తిరక్కుండా కాలు నేల మీద పెట్టింది. నేను అక్కడే గడ్డి మీద కూలబడ్డాను.

తర్వాత వారం రోజులు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో కాలు ముంచడం, కట్టు కట్టడం. ధనుర్వాతం సూది కూడా వేయించాం, గుర్రాలకి అది తొందరగా పట్టుకుంటుందట. కట్టుకి చంటిపిల్లల డైపర్ తెమ్మన్నాడు చాచా, గిట్టకి సరిగ్గా సరిపోతుంది, పైన టేపు చుడితే బురద లోపలికి రాదు. మెడికల్ షాపతను ‘ఎప్పుడైంది, బాబా పాపా?’ అని అడిగాడు. ఏం చెప్పను, పాపే అన్నాను.

నేను తప్పంతా తెల్ల గిట్టల మీద వేశాను, అవి మెత్తనంటారు కదా. చాచా నవ్వాడు. నలుపైనా తెలుపైనా తడిలో నిలబడితే ఒకటేనట. నిజంగానే నా కొట్టంలో మూత్రం నిలిచేది. 9 వేలు పెట్టి మొరం పోయించి నేల ఎత్తు చేశా. రోజూ సాయంత్రం ఇనుప కొక్కెంతో గిట్ట అడుగున మట్టి తీస్తా, పది నిమిషాల పని. ఇప్పుడు నేను పక్కకి వెళ్లి కూర్చుంటే తనే కాలెత్తి ఇస్తుంది. 72 వేలలో నాకు గిట్టుబాటైంది ఇదొక్కటే అనిపిస్తుంది ఒక్కోరోజు.

లెక్క చెప్పాలంటే, చాచా ఆరేడు వారాలకోసారి వస్తాడు, ఏడాదికి ఎనిమిది సార్లు, రానుపోను ఖర్చుతో కలిపి సారికి 1,800. మొత్తం 14,400, అంటే కొన్న ధరలో ఐదో వంతు ఏటా కాళ్లకే. వానాకాలం తారురోడ్డు ఎక్కించను కాబట్టి ఈసారి లాడాలు తీసేసి ఉత్త చెక్కడమే చేద్దామన్నాడు, కొంత తగ్గుతుందేమో. గిట్ట నెలకి సెంటీమీటరు లోపే పెరుగుతుంది, అందుకే ఒకసారి పాడైతే పూర్తిగా కొత్తది రావడానికి దాదాపు ఏడాది.

కొనమంటారా అని అడిగేవాళ్లకి నేను సూటిగా చెప్పలేను. నాకు సోయా చేను ఉంది, పాత ఎద్దుల కొట్టం ఉంది, నేను లేనప్పుడు తమ్ముడు చూసుకుంటాడు. పెళ్లి బారాత్‌కి తిప్పి డబ్బు రాబడదామనుకుంటే నన్ను అడక్కండి, రెండుసార్లు పంపాను, బ్యాండు మోతకి బెదిరింది, మళ్లీ పంపలేదు. మీ ఊరికి వచ్చే నాల్‌బంద్ ఉన్నాడా లేదా అన్నది ముందు కనుక్కోండి, గుర్రం తర్వాత.

చాచాకి వయసు మీద పడింది. పోయిన వారం రావాల్సింది, రాలేదు, ఫోన్ ఆయన కొడుకు ఎత్తాడు, మోకాళ్ల నొప్పులట. ఎనిమిదో వారం నడుస్తోంది.