పొట్ట పెరిగి పటుత్వం తగ్గితే: మాత్రా, ఇంజెక్షనా, నడుం తగ్గించడమా?

నలభై దగ్గర పడుతున్న వయసు, ముందుకొచ్చిన పొట్ట, అంగం సరిగా గట్టిపడక పడకగదిలో ఇబ్బంది. ఈ మూడూ కలిసిన మగవాడికి నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కనిపించే దారులు మూడు: సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) మాత్ర, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్, బరువు తగ్గడం. లాడ్జిల్లో క్యాంపులు పెట్టి పొడులు అమ్మేవాళ్లను నేను లెక్కలోకి తీసుకోను. అలాంటి మూలికా మందుల్లో సిల్డెనాఫిల్‌నే గుట్టుగా కలిపి అమ్మడం పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది.

1998 నుంచి వాడుకలో ఉన్న ఈ మాత్ర చాలామందికి గంటలోపే పనిచేస్తుంది. అయితే అంగస్తంభనకు రక్తనాళాలు విప్పారాలి, అందుకు వాటి లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయాలి. కొవ్వు, షుగర్ పాడుచేసేది ఆ పొరనే. మాత్ర ఉన్న నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని కాసేపు నిలబెడుతుందే తప్ప లేనిదాన్ని పుట్టించదు. పైగా రాత్రి బిర్యానీ దట్టించి వేసుకుంటే పట్టు దొరకడానికి ఇంకా ఆలస్యమవుతుంది. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు మాత్రం దీని జోలికే పోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇంజెక్షన్ వినడానికి బాగుంటుంది. పొట్ట కొవ్వులోని ఒక ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది కాబట్టి తగ్గింది బయటి నుంచి ఇస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ బయటి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు సంకేతం పంపడం తగ్గించేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి, ఒక్కోసారి అసలే ఉండవు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లకు ఇంతకన్నా ఎదురుదెబ్బ లేదు. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పొద్దున్నే చేయించిన రక్తపరీక్షలో తక్కువని తేలకుండా దీని మాటే ఎత్తొద్దు.

ఇక నడుం సంగతి. 2004లో ఇటలీ వైద్యులు ఈ సమస్య ఉన్న 110 మంది స్థూలకాయుల మీద రెండేళ్లు చేసిన అధ్యయనం ఉంది. దగ్గరుండి తిండి తగ్గించి వ్యాయామం చేయించిన 55 మందిలో 17 మంది మామూలు స్థితికి వచ్చారు. సాధారణ సలహాతో సరిపెట్టిన 55 మందిలో ముగ్గురే. అందరికీ నయం కాలేదు, నిజమే. అయినా ఈ మూడింటిలో మూలానికి వెళ్లే దారి ఇదొక్కటే.

మన మగవాళ్లకు నడుం 90 సెంటీమీటర్లు దాటకూడదు. టేపు బొడ్డు దగ్గర పెట్టి కొలవాలి, పొట్ట కిందికి జారిన ప్యాంటు సైజు చూసి మురిసిపోతే లాభం లేదు. చేపల పులుసు మానక్కర్లేదు, చేప మంచిదే. తగ్గాల్సింది దాని కోసం మూడోసారి వడ్డించుకునే అన్నం, రోజూ నెయ్యి కారం దోశ, మందులోకి వేపుళ్లు. కనిగిరి వైపు సజ్జ సంగటి మేలే, కానీ ముద్దల లెక్క దానికీ ఉంది.

నా ఓటు మూడో దానికి. అది ఫలించేదాకా డాక్టరు రాసిస్తే మాత్రా వాడొచ్చు, రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. ఏది మొదలుపెట్టినా ముందు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నం కాబట్టి పూడిక అక్కడే ముందు తెలుస్తుంది, గుండెజబ్బుకు కొన్నేళ్ల ముందే. రాత్రిళ్లు గురక గట్టిగా ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లలోనూ ఈ ఇబ్బంది ఎక్కువ.