దెబ్బ తగిలిన కుక్క: పర్లాకిమిడిలోనే చూపించాలా, వైజాగ్ తీసుకెళ్లాలా?

మాది పర్లాకిమిడి బజారులో చిన్న మెడికల్ షాపు. మనుషుల మందులే అమ్ముతాం. అయినా నెలకు ఇద్దరు ముగ్గురైనా కుక్క కోసమో పిల్లి కోసమో వస్తారు. "లారీ గుద్దేసిందమ్మా, నొప్పికి ఏదో ఒక మాత్ర ఇయ్యి" అంటారు. ఇవ్వను. పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. మనం ఒళ్లు నొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇది చెప్పగానే వాళ్లు అడిగేది ఒకటే: "మరి ఎక్కడికి తీసుకెళ్లమంటావు?"

మాది ఒడిశాలో గజపతి జిల్లా. కానీ ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అందుకని దారులకు కొరత లేదు. ఊళ్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్య వాహనం ఉంది. నరసన్నపేట దగ్గర హైవే ఎక్కితే అటు గరివిడి పశువైద్య కళాశాల, ఇంకా ముందుకెళితే విశాఖ. ఇటు పైకి బ్రహ్మపురం, ఆపైన భువనేశ్వర్‌లో వెటర్నరీ కాలేజీ. ఎవరిని అడిగినా "వైజాగ్ తీసుకెళ్లిపోండి" అనేస్తారు. నేనూ మొదట్లో అదే అనేదాన్ని. ఇప్పుడు బండి మాట్లాడే ముందు ఒకటి చూసుకుంటాను: కట్టు కట్టించాక నలభై రోజులు దీన్ని ఎవరు చూస్తారు?

రెండు కుక్కల సంగతి చెబితే నా గోల అర్థమవుతుంది.

మొదటిది బస్టాండు కుక్క. వెనక చక్రం కింద పడి నడుం భాగం నలిగింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ టీ బడ్డీ కిందకి దూరింది. ఆటో అబ్బాయి "సీటు పాడైపోద్దమ్మా" అని గునిసి, చివరికి తనే గోనెసంచి పరిచాడు. నేను హడావుడిగా కారు మాట్లాడి విశాఖ తీసుకెళ్లాను. రానూపోనూ కారుకే ఐదు వేలు. గతుకులు తగిలినప్పుడల్లా అది అరుస్తుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎక్స్‌రే తీసి, కటి ఎముక చిట్లిందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ, నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న చోట కదలకుండా ఉంచమనీ చెప్పి పంపేశారు. అంటే అసలు వైద్యం మా వరండాలోనే జరిగింది. అట్టపెట్టె, పాత చీరలు, రోజుకు మూడుసార్లు శుభ్రం చేయడం. పక్కింటి మావుసి పఖాళ గిన్నె తెచ్చేది. మన చద్దన్నమే అనుకోండి, ఆ కుక్క మాత్రం మావుసి చేతి గిన్నెకే తోక ఊపేది.

రెండోదానికి ఈ అనుభవమే కొంప ముంచింది. తొడ ఎముక విరిగింది. "పోయినసారి ఊరికే పోయి వచ్చాం కదా, విశ్రాంతి ఇస్తే అతుక్కుంటుంది" అనుకున్నాను. తొడ ఎముకకు పైనుంచి వేసిన కట్టు నిలవదు. లోపల రాడ్డో ప్లేటో వేయాలి, అదీ మొదటి కొద్ది రోజుల్లోనే. మేం మూడు వారాలకు వెళ్లేసరికి ఎముక వంకరగా అతుక్కుపోయింది. ఆ కాలు ఇప్పటికీ నేలకు ఆనదు. ఆ తప్పు నాదే.

ఆ రెండింటి తర్వాత ఊరు దాటించాల్సినవి ఏవో ఒక లెక్క పెట్టుకున్నాను. తొడ ఎముక, బయటికి వచ్చేసిన కన్ను, పొట్టలోకి దిగిన గాయం, గర్భసంచిలో చీము పట్టిన ఆడకుక్క. వీటికి గరివిడో విశాఖో, ఏది ముందు తెరిచి ఉంటే అది. కన్నయితే గంటల్లో జరగాలి. గరివిడి చదువు చెప్పే ఆసుపత్రి, కాబట్టి పనివేళలు చూసుకుని బయలుదేరాలి. రాత్రి దెబ్బ తగిలితే ముందు ఇక్కడి డాక్టరు గారిని బతిమాలుకుని నొప్పి తగ్గే ఇంజెక్షన్ వేయించి, తెల్లవారుజామున కదలడమే నయం.

మిగిలిన వాటిలో చాలా మటుకు ఇక్కడే మేలు, దూరం తీసుకెళితే చెడిపోయేవి కూడా ఉన్నాయి. పురుగులు పట్టిన పుండు తీసుకోండి. అది ఎంత భయంకరంగా కనిపించినా కావాల్సింది ఓపిక: వెంట్రుకలు కత్తిరించి, పురుగులు ఏరి, అయోడిన్‌తో కడిగి, డాక్టరు రాసిన మందు పెట్టి, మర్నాడు మళ్లీ అదే పని. మా ఊరి డాక్టరు గారు ఆవులు, మేకలు చూసి చూసి పుండ్ల విషయంలో చెయ్యి తిరిగినవారు. చీటీ ఒడియాలో రాసిస్తే చదవలేక నేను మాటిమాటికీ అడిగినా విసుక్కోరు.

జతకట్టడం వల్ల కుక్క నుంచి కుక్కకు అంటుకునే గడ్డ మరొకటి. కాలీఫ్లవర్ పువ్వులా పెరిగి రక్తం కారుతుంది. చూసినవాళ్లు క్యాన్సరని చేతులెత్తేస్తారు. క్యాన్సరే, కానీ విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్‌కు చాలావాటిలో చక్కగా కరిగిపోతుంది. వారానికొకటి, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. వారం వారం విశాఖ తిరగడం ఎవరి వల్ల అవుతుంది? రెండు వేయించి మానేసినవాళ్లను చూశాను. మందు తెప్పించి ఇక్కడే వేయించుకుంటే పూర్తవుతుంది. ఇంజెక్షన్ వేసిన రోజుల్లో దాని మలమూత్రాలు గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు, అదొక్కటి గుర్తుంచుకోవాలి.

వెన్నెముక దెబ్బ మాత్రం ఎక్కడా తేలిక కాదు. కుక్క వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే కాలు వెనక్కి లాక్కున్నంత మాత్రాన సంతోషించకండి. అది తల తిప్పి చూడాలి, అరవాలి. అప్పుడే నొప్పి మెదడు దాకా వెళుతున్నట్టు. అది లేనప్పుడు దాన్ని నాలుగు గంటలు కుదుపుతూ తీసుకెళ్లాలా, ఇక్కడే ప్రశాంతంగా పోనివ్వమని డాక్టరును అడగాలా అన్నది నేను ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకుంటాను.

1962 గురించి అడుగుతారు. ఆ వాహనం ప్రధానంగా పల్లెల్లో పశువుల కోసం. ఇంటి దగ్గర ఉన్న జంతువుకు, రోడ్డు లేని ఊళ్లకు బాగా పనికొస్తుంది. రోడ్డు మీద రక్తం కారుతున్న కుక్కకు దాని కోసం కాచుకోకుండా ఆటో ఎక్కించడమే త్వరగా అవుతుంది. ఫోన్ చేస్తే ఇటువాళ్లు బ్లాకు పేరు, అటువాళ్లు మండలం పేరు ముందు చెప్పండి. సరిహద్దులో సగం సమయం దానికే పోతుంది.

ఎత్తేటప్పుడు జాగ్రత్త. విరిగిన కాలు కదిలితే పెంచిన కుక్కయినా కరుస్తుంది. చున్నీతో మూతి కట్టి (ఊపిరి ఆడకపోతేనో వాంతులవుతుంటేనో కట్టకూడదు), చెక్క పలక మీదకి జరిపి ఎత్తాలి. పన్ను దిగితే వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలో వేసే రేబిస్ టీకాలు 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాటుకు రేబిస్ సీరం కూడా కావాలి. నేను ముందుజాగ్రత్తగా టీకాలు వేయించుకునే ఈ పని చేస్తున్నాను. చొంగ కారుతూ, తూలుతూ, మింగలేకపోతున్న కుక్కను అసలు ముట్టుకోవద్దు. డాక్టరుకు చెప్పండి చాలు.

ఇక షెల్టరా, వరండానా? పెద్ద ఊళ్లో షెల్టరుంది కదా, అక్కడ వదిలేస్తే వాళ్లే చూసుకుంటారని చాలామంది అనుకుంటారు. ఒకసారి నేనూ కాలువలో దొరికిన రెండు నెలల కుక్కపిల్లను ఒక షెల్టరులో ఇచ్చి వచ్చాను. చెవి దగ్గర చిన్న గాయం, అంతే. వారం తిరక్కుండానే పార్వో అనే అంటువ్యాధితో పోయింది. వాళ్లను నిందించి లాభం లేదు, ఉన్న నలుగురు మనుషులూ వందల ప్రాణాలను చూస్తున్నారు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు పూర్తికాని పిల్లను అలాంటి చోట పెట్టడం మన తప్పే. పిల్లలకు ఎవరి ఇంటి మూలైనా సరే, షెల్టరు కన్నా భద్రం. ఆరెనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. పెద్దదై, రెండు కాళ్లూ చచ్చుబడి, జీవితాంతం మనిషి సాయం కావాల్సిన కుక్కకు మాత్రం అనుభవమున్న షెల్టరు వరం. అదీ ముందు ఫోన్ చేసి, చోటుందంటేనే. రాత్రి గేటుకు కట్టేసి రావడం రోడ్డు మీద పారేయడంతో సమానం.

నయమైన వీధికుక్కను పాత వీధికే వదలాలా, ఇల్లు వెతకాలా అన్నది మరో తర్జనభర్జన. 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. అన్నం పెట్టే చెయ్యి, ఎరిగిన వీధి ఉంటే దానికి అదే ఇల్లు. కానీ 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దంది. మా బస్టాండు కుక్క ఈ రోజుల్లో దొరికి ఉంటే ఆ టీ బడ్డీ కిందకి వెళ్లే దారి ఉండేది కాదు. కాబట్టి ఇల్లు వెతికే పని ఇప్పుడు ఇంకా పెరిగింది.

యజమాని ఉండి హింస పడే జంతువు సంగతి వేరు. నిరుడు ఎండల్లో డాబా మీద గొలుసుతో కట్టేసిన లాబ్రడార్, వీపంతా బెల్టు దెబ్బలు. కేసు పెట్టాలా, బతిమాలాలా? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు, సమోసాల ఖర్చు. పైగా అది తేలేదాకా కుక్క అదే డాబా మీద ఉండొచ్చు, కోపం దాని మీదే తీరొచ్చు. నేను బతిమాలే దారి పట్టాను. "జబ్బు చేసింది, ఖర్చు మీకెందుకు, నాకిచ్చేయండి" అని, "నా ఇష్టప్రకారం ఇస్తున్నాను, తిరిగి అడగను" అని తెల్లకాగితం మీద సంతకం చేయించుకున్నాను. ఆయన పరువు నిలిచింది, కుక్క నా బండి ఎక్కింది. ఇది పిరికితనమని మా అమ్మాయికి ఇప్పటికీ కోపం. కానీ విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా, చంపినా బతిమాలే ప్రశ్నే లేదు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఫొటోలు, డాక్టరు రాసిన కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లాల్సిందే.

ఆ లాబ్రడార్‌ను విశాఖలో ఒక ఫ్లాట్ వాళ్లు తీసుకున్నారు. జాతి కుక్కకు పట్నంలో చోటు తేలిగ్గా దొరుకుతుంది. వీధికుక్కకు దొరకదు, దొరికినా మూడో అంతస్తు, పగలంతా తాళం. ఊరకుక్కకు నా ఓటు పల్లెకే. పెంకుటిల్లు, వాకిలి, ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంట్లో. మూడు కాళ్లదైనా హాయిగా తిరుగుతుంది. పల్లెలో చిక్కల్లా ఒకటే, అందరికీ కాపలాకి మగకుక్కే కావాలి. ఆడదంటే ఏడాదికి రెండు ఈతలని భయం. అందుకే ఆపరేషన్ చేయించకుండా ఆడకుక్కను ఎవరికీ ఇవ్వను. టీకా కార్డు చేతిలో పెట్టి, నెలయ్యాక వచ్చి చూస్తానని ముందే చెబుతాను. మొహమాటపడితే కుక్కకే నష్టం.

ఇప్పుడు మా వరండాలో లచ్చి అనే ఆడకుక్క ఉంది. గడ్డ సగానికి తగ్గింది, గురువారం నాలుగో ఇంజెక్షన్. కాశీనగరం నుంచి ఒకాయన కొడుకుతో వచ్చి చూశాడు. "మగదైతే ఇప్పుడే పట్టుకెళ్లిపోదును" అని, వరికోతలయ్యాక మళ్లీ వస్తానన్నాడు. కొడుకు మాత్రం రోజూ సాయంత్రం వాళ్ల నాన్న ఫోన్ నుంచి నాకు మెసేజ్ పెడుతున్నాడు, లచ్చి ఫొటో పంపమని.